ఆన్‌లైన్ షాపు సిస్టమ్‌ల క్రోమ్ తీసేసి మిన్ బ్రౌజర్ పెట్టొచ్చా?

తమ్మీ, నువ్వు అడిగింది ఇదే కదా: దేవరకొండల మీ నాయినకు జిరాక్స్, ఆన్‌లైన్ షాపు ఉంది, ఐ3 ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్, విండోస్ 10, క్రోమ్ ఓపెన్ చేస్తే కస్టమర్ ముంగట ఇజ్జత్ పోతుంది, యూట్యూబ్‌ల ఎవరో మిన్ బ్రౌజర్ చూపెట్టిండు, సింపుల్ ఉంది, ట్రాకింగ్ ఉండదు, లైట్ అన్నడు, పెట్టొచ్చా అని. నీ సొంత వాడకానికి పెట్టుకో, మంచిగుంటది. షాపు కౌంటర్ మీద మాత్రం వద్దు. ఎందుకో చెప్తా, జర పొడుగైతది, ఓపిక ఉంటె చదువు.

నేను నల్లగొండల సిస్టమ్ సర్వీసింగ్ చేస్త, మా కాడికి వచ్చే మెషీన్లల్ల ఎక్కువ ఇట్లాంటి ఆన్‌లైన్ సెంటర్లవే ఉంటయి, దేవరకొండ, హాలియా, అచ్చంపేట దిక్కు నుంచి గూడ వస్తయి, కాబట్టి మీ షాపు కష్టం నాకు కొత్త కాదు.

ముందు మిన్ అంటే ఏందో చెప్తా. ఫ్రీ, ఓపెన్ సోర్స్, విండోస్‌కు, మ్యాక్‌కు, లినక్స్‌కు ఉంది. పైన ఒకే ఒక్క వరుస, అందులనే ట్యాబ్‌లు, అడ్రస్ కొట్టాలన్నా ట్యాబ్ మీదనే నొక్కి కొట్టాలె. సెర్చ్ ముందుగాల నుంచే డక్‌డక్‌గోకు పోతది, గూగుల్‌కు కాదు. యాడ్స్, ట్రాకర్స్ బ్లాక్ చేసేది లోపల్నే ఉంది, ఎంత గట్టిగ ఆపాల్నో సెట్టింగ్స్‌ల పెట్టుకోవచ్చు. స్క్రిప్ట్‌లు, బొమ్మలు మొత్తానికే ఆపే ఆప్షన్ గూడ ఉంది, మొబైల్ హాట్‌స్పాట్ మీద పని నడిపేటోళ్లకు అది మస్తు పనికొస్తది. చాన సేపు చూడని ట్యాబ్‌లు మెల్లగ మసకబడుతయి. నాకు బాగ నచ్చేది టాస్క్స్ అని ఒకటుంది, ఒక పనికి సంబంధించిన ట్యాబ్‌లన్నీ ఒక గుంపుల పెట్టుకొని, ఫోకస్ మోడ్ ఆన్ చేస్తే ఆ పని అయ్యేదాక కొత్త ట్యాబ్ తెరవనియ్యదు. ఎగ్జామ్స్‌కు చదివేటోళ్లు వాడి చూడాలె. అకౌంట్ లేదు, సింక్ లేదు, హోమ్ పేజీల వార్తలు, యాడ్స్ ఏం లేవు. ఇదంతా నిజంగనే బాగుంది, ఆ వీడియోల చెప్పినాయన అబద్ధం చెప్పలే.

అయితె "లైట్" అనే మాట కాడ జర ఆగాలె. మిన్‌ను ఎలక్ట్రాన్ మీద కట్టిన్రు, అది వెబ్ పేజీల పద్ధతిల కంప్యూటర్ యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్, ఎలక్ట్రాన్ లోపల ఉన్నది క్రోమియమే, అంటే క్రోమ్‌ల పేజీని గీసే ఇంజన్ ఏదుందో ఇందుల గూడ అదే. షాపుకు బోర్డు మార్చినంత మాత్రాన లోపలి సరుకు మారదు కదా. 2018 నుంచి క్రోమ్ ఒక్కో సైట్‌ను వేరే వేరే ప్రాసెస్‌ల నడిపిస్తుంది, ఒక సైట్ ఇంకో సైట్ మెమరీని దొంగతనంగ చదవకుండ ఉండాలని, అప్పట్ల స్పెక్టర్ అని ప్రాసెసర్లల్ల పెద్ద లోపం బయటపడ్డది, దాంతోని ఈ పద్ధతి తప్పనిసరి అయింది, ర్యామ్ ఎక్కువ తినడానికి అదొక కారణం. బటన్లు తక్కువ పెడితే ఆ ఖర్చు తగ్గదు. మరి మిన్‌ల పేజీలు జల్ది వచ్చినట్టు ఎందుకనిపిస్తదంటే, యాడ్స్, ట్రాకర్ల స్క్రిప్ట్‌లు దిగకుండ ఆపుతున్నది కాబట్టి. ఆ పని ఏ బ్రౌజర్‌ల చేసినా ఫరక్ కనపడుతది. నీ ల్యాప్‌టాప్‌కు అసలు మందు హార్డ్ డిస్క్ జాగల ఎస్ఎస్‌డీ, వీలైతె ఇంకో 4 జీబీ ర్యామ్. హార్డ్ డిస్క్ మీద విండోస్ 10 నడుస్తున్నన్ని రోజులు ఏ బ్రౌజర్ పెట్టినా తిరుగుతనే ఉంటది, బ్రౌజర్‌ను తిట్టి ఫాయిదా లేదు.

ఇగ ప్రైవసీ సంగతి. ట్రాకింగ్ అంటే ఏందో కండ్లతోని చూడాలంటే ఒక పని చెయ్, క్రోమ్‌ల ఏదన్నా తెలుగు వార్తల సైట్ తెరిచి ఎఫ్12 కొట్టు, కింద గాని పక్కన గాని పెట్టె వస్తది, అందుల అప్లికేషన్ అని ఉంటది, దాంట్ల కుకీస్ తెరువు, అంటే సైట్లు నిన్ను గుర్తుపెట్టుకోనీకి నీ బ్రౌజర్‌ల దాచే చిన్న చిట్టీలు. అండర్‌స్కోర్ జీఏ అని కనపడితే అది గూగుల్ అనలిటిక్స్ పెట్టిన నంబర్, అండర్‌స్కోర్ ఎఫ్‌బీపీ అని ఉంటె ఫేస్‌బుక్ పిక్సెల్ పెట్టింది. నువ్వు చదివింది వానల వార్త, ఆ సంగతి తెలిసింది మాత్రం ఇంకెందరికో. నెట్‌వర్క్ అనే ట్యాబ్ నొక్కి పేజీని రీలోడ్ చేస్తే ఒక్క పేజీ కోసం ఎన్ని దిక్కుల నుంచి ఫైళ్లు వస్తున్నయో వరుసగ పడుతుంటయి, అది ఒక్కసారి చూసినోనికి బ్లాకర్ ఎందుకని ఎవ్వరు చెప్పనక్కర్లే. మిన్ ఇందుల చానమట్టుకు ఆపుతది. క్రోమ్ థర్డ్ పార్టీ కుకీస్, అంటే నువ్వు తెరిచిన సైట్ కాకుండ వేరేటోళ్లు పెట్టే కుకీస్, తీసేస్తా తీసేస్తా అని ఏండ్లు గడిపి, 2024ల ఆ ప్లాన్ వెనుకకు తీసుకున్నది. యూబ్లాక్ ఆరిజిన్ అనే మంచి బ్లాకర్ గూడ మానిఫెస్ట్ వీ3 అని ఎక్స్‌టెన్షన్లకు కొత్త రూల్స్ వచ్చినంక క్రోమ్‌ల పాత తీరుగ నడవనిస్తలేరు, లైట్ అని ఒక తగ్గించిన వెర్షన్ మాత్రం ఉంది. ఫైర్‌ఫాక్స్‌ల అసలుది ఇంక మంచిగనే నడుస్తుంది.

మరి కౌంటర్ మీద వద్దని ఎందుకంటున్న అంటే, మొదటి సంగతి సేఫ్ బ్రౌజింగ్. దొంగ సైట్ తెరిస్తే క్రోమ్‌ల, ఫైర్‌ఫాక్స్‌ల ఎర్ర పేజీ వచ్చి ఆపుతది చూసినవా, అది గూగుల్ తయారుచేసే లిస్ట్‌తోని నడుస్తది. ఎలక్ట్రాన్‌ల అది ఉండదు, కాబట్టి మిన్‌ల గూడ ఆ ఎర్ర పేజీ రాదు. ప్రైవసీ కోణంల ఇది మంచిదే కదా, గూగుల్‌కు ఏం పోదు కదా అని కొందరంటరు. కాని ఫైర్‌ఫాక్స్‌ల అది ఎట్ల నడుస్తదో చూడు: చెడ్డ సైట్ల లిస్ట్ కోడ్ రూపంల నీ సిస్టమ్‌లకే దిగుతది, పోలిక అక్కడ్నే అయితది, ఏదన్నా కలిసినట్టు అనుమానమొస్తెనే ఆ కోడ్‌ల చిన్న ముక్క పంపి ఖాయం చేసుకుంటది, నువ్వు తెరిచిన ప్రతి అడ్రస్ పంపుడు ఉండదు. నీ షాపుల మీ నాయిన, పని నేర్చుకునే పిల్లగాడు, ఇద్దరు గూగుల్‌ల కొట్టి పైన వచ్చిన లింక్ నొక్కుతరు, పాన్ కార్డ్ సైట్, కరెంట్ బిల్ సైట్, పాస్‌పోర్ట్ సైట్ అని అచ్చం అట్లనే కనపడే దొంగవి యాడ్‌ల రూపంల పైకి వస్తయి, అసొంటి కాడ ఆ ఎర్ర పేజీ లేకుండ కూసోవడం నాకైతె ఇష్టం లేదు. నీకు ఒక్కనికైతె నువ్వు చూసుకుంటవ్, అది వేరే సంగతి.

రెండోది, మిన్‌ల ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు అదనంగ తగిలిచ్చుకునే చిన్న ప్రోగ్రాంలు, పెట్టుకోనీకి రాదు. గూగుల్ లాగిన్ కాడ గూడ ఎలక్ట్రాన్ బ్రౌజర్లను కొన్నిసార్లు ఈ బ్రౌజర్ సేఫ్ కాకపోవచ్చు అని ఆపుతది, కస్టమర్ జీమెయిల్‌ల ఓటీపీ చూడాల్సినప్పుడు అట్లయితె లొల్లి. మూడోది అప్‌డేట్లు. క్రోమియంల లోపం దొరికితే క్రోమ్‌కు వెంటనే ప్యాచ్ వస్తది, తర్వాత అది ఎలక్ట్రాన్‌కు రావాలె, ఆ తర్వాత మిన్ కొత్త వెర్షన్ విడుదల కావాలె. మిన్ చేసేటోళ్లు తక్కువమంది, పెద్ద కంపెనీ ఏం కాదు, వాళ్ల కష్టానికి దండం పెడుత, కాని నడుమల ఆ గ్యాప్ ఉంటది. కౌంటర్ మీద దినమంతా తెలియనోళ్ల పెన్‌డ్రైవ్‌లు, తెలియని లింక్‌లు తెరిచే మెషీన్‌కు ఆ గ్యాప్ మంచిది కాదు.

అయితె ఇంకా గట్టిది, లిబ్రెవుల్ఫ్ పెట్టుకుంటా అంటవేమో, నీ ప్రశ్న కింద ఒకాయన గూడ అదే పెట్టుకొమ్మని రాసిండు. లిబ్రెవుల్ఫ్ మంచిదే, ఫైర్‌ఫాక్స్‌లకెల్లి టెలిమెట్రీ, అంటే వాడకం వివరాలు కంపెనీకి పంపేది, తీసేసి, యూబ్లాక్ ఆరిజిన్ ముందే పెట్టి, మూసేయంగనే కుకీస్ తుడిచేటట్టు చేసిన్రు. కాని అందుల ఫింగర్‌ప్రింట్ రక్షణ, అంటే వేలిముద్ర కాదు, నీ మెషీన్ గుర్తులను బట్టి సైట్లు నిన్ను పట్టకుండ ఆపేది, ఫుల్ల ఆన్ ఉంటది, షాపు పనికి అదే అడ్డం. ఎట్లంటే, స్కాలర్‌షిప్పో, నోటిఫికేషన్ ఫారమో నింపేటప్పుడు ఫోటో, సంతకం అప్‌లోడ్ చేసి సైట్‌లనే క్రాప్ చేస్తం కదా, ఆ క్రాప్ చేసేది క్యాన్వాస్ అనేదాంతోని, అంటే వెబ్ పేజీల బొమ్మలు గీసే జాగ. ట్రాకర్లు గూడ అదే క్యాన్వాస్ మీద ఏదో గీయించి నీ మెషీన్‌ను గుర్తుపడుతయి కాబట్టి ఈ బ్రౌజర్ దాన్లకెల్లి చదివేదాన్ని పాడుచేసి ఇస్తది. దాంతోని పిల్లగాని ఫోటో జాగల రంగురంగుల చుక్కల గీతలు వస్తయి. చూసుకోకుండ సబ్మిట్ కొడితే ఫారం పోయినట్టే. అడ్రస్ బార్ పక్కన చిన్న బొమ్మ వస్తది, దాన్ని నొక్కి ఆ సైట్‌కు పర్మిషన్ ఇస్తే సరైతది, అయినా ఆ సంగతి కౌంటర్ మీద కూసున్న పిల్లగానికి ఎవరు చెప్పాలె? టైమ్ గూడ మన టైమ్ చూపెట్టదు, యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక టైమ్ చూపెడుతది, మనకన్న 5:30 గంటలు వెనుక. ఆఖరి తారీఖు రోజు అర్ధరాత్రి దాటినంక కూసొని ఫారాలు నింపే సీజన్‌ల, సైట్ బ్రౌజర్‌ను చూసి తారీఖు వేసుకునే రకమైతె నిన్నటిది పడుతది.

వేలిముద్ర డివైస్ గూడ ఉంటె ఇంకో తకరారు. ఆ డివైస్‌కు ఆర్‌డీ సర్వీస్ అని ఒక ప్రోగ్రాం నీ సిస్టమ్‌లనే నడుస్తుంటది, వెబ్‌సైట్ బ్రౌజర్ నుంచి దాంతోని మాట్లాడుతది. జీఎస్టీ డిజిటల్ సంతకానికి ఎమ్‌సైనర్ గూడ అసొంటిదే. బయటి సైట్ నీ సిస్టమ్ లోపలి ప్రోగ్రాంతోని మాట్లాడుడు అంటే ప్రైవసీ బ్రౌజర్ల దృష్టిల అది దొంగపనే, అందుకె కొన్ని దాన్ని ఆపుతయి, బ్రేవ్ అనే బ్రౌజర్ అయితె పర్మిషన్ అడుగుతది. డివైస్ నాట్ ఫౌండ్ అని వస్తే డ్రైవర్ పోయిందని మా కాడికి పట్టుకొస్తరు, డ్రైవర్ బరాబర్ ఉంటది. పైసలు కట్టే కాడ గూడ అంతే, సైట్ నుంచి పేమెంట్ తీసుకునే గేట్‌వేకు, అక్కడి నుంచి బ్యాంక్‌కు, మళ్ల వెనుకకు, ఈ నడుమల కుకీ గట్టిగ ఆపితే సెషన్ ఎక్స్‌పైర్డ్ అని వస్తది, పైసలు కట్ అయితయి, రసీదు రాదు. రసీదు పాప్అప్‌ల తెరిచే సైట్లు ఇంక ఉన్నయి, పాప్అప్ బ్లాక్ అయిందని తెలియక మళ్లొకసారి పైసలు కట్టినోళ్లు గూడ ఉన్నరు.

ఇగ వేరే ప్రైవసీ బ్రౌజర్లు చూస్తే, ముల్వాడ్ బ్రౌజర్‌ను ముల్వాడ్ అనే వీపీఎన్ కంపెనీ, ఎవరో తెల్వకుండ నెట్ వాడనిచ్చే టోర్ బ్రౌజర్ చేసే టోర్ ప్రాజెక్ట్ వాళ్లతోని కలిసి 2023ల తెచ్చింది, వాడేటోళ్లందరు ఒకే తీరుగ కనపడాలనేది దాని ఆలోచన, వీపీఎన్‌తోని వాడేటోళ్లకు బాగుంటది, నీ పనికి కాదు. బ్రేవ్ బ్లాకింగ్ గట్టిదే, కాని రివార్డ్స్, వాలెట్ అని నువ్వు అడగని సామాన్లు చాన ఉంటయి, మినిమల్ కావాలన్నోనికి అవన్నీ కూసొని బంద్ చేయాలె.

నీకు ఇంకో మాట, ఇది నువ్వు అడగలే. ఆన్‌లైన్ షాపుల ట్రాకర్ల కన్నా పెద్ద ప్రైవసీ లోపం డౌన్‌లోడ్స్ ఫోల్డర్. రిపేర్‌కు వచ్చిన ఏ సెంటర్ సిస్టమ్ తెరిచినా ఊర్లె సగం మంది ఆధార్ పీడీఎఫ్‌లు, భూభారతి పోర్టల్‌ల తీసిన భూముల కాగితాలు, క్యాస్ట్ సర్టిఫికెట్లు, బ్యాంక్ పాస్‌బుక్ స్కాన్లు అందుల్నే ఉంటయి. ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా అంటరు, ఆ పాస్‌వర్డ్ పేరుల మొదటి నాలుగు ఇంగ్లీష్ పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఫైల్‌కు మనమే మనిషి పేరు పెట్టి సేవ్ చేస్తిమి, సంవత్సరం పక్కనున్న క్యాస్ట్ సర్టిఫికెట్ దరఖాస్తుల దొరుకుతది. మిన్ పెట్టినా, టోర్ పెట్టినా ఆ ఫోల్డర్ అట్లనే ఉంటది. ఇన్‌కాగ్నిటోల దించిన ఫైల్ గూడ విండో మూస్తే పోదు. ఇన్‌కాగ్నిటో అంటే ఆ సిస్టమ్‌ల హిస్టరీ మిగలకుండ చేసుడు అంతే, సైట్లకు, నెట్ ఇచ్చేటోళ్లకు కనపడేది కనపడుతనే ఉంటది, దాని మీద అమెరికల 2020ల కేసు పడితె గూగుల్ 2024ల రాజీకొచ్చి ఆ పాత డేటా నాశనం చేస్తా అని ఒప్పుకున్నది. క్రోమ్‌ల ఇంకోటి, కస్టమర్ జీమెయిల్ తెరిస్తే బ్రౌజర్ గూడ ఆయన పేరు మీద సైన్ ఇన్ అయితది, 2018 నుంచి ఇట్లనే చేస్తున్నరు, ఆయన లేచి పోతడు, పైన మూలకు ఆయన ఫోటో అట్లనే ఉంటది.

అందుకె నేను షాపులకు పెట్టిచ్చేది మామూలు ఫైర్‌ఫాక్స్. ఫైర్‌ఫాక్స్ ఏం తులసి ఆకు కాదు, దాని పైసలల్ల పెద్ద భాగం గూగుల్‌ను సెర్చ్‌ల పెట్టినందుకు గూగుల్ ఇచ్చేదే, 2025 ఫిబ్రవరిల టర్మ్స్ మార్చి డేటా అమ్మం అనే మాట తీసేసినందుకు మస్తు తిట్లు పడ్డయి, కాని సెట్టింగ్ మన చేతుల ఉంటది. అడ్రస్ బార్‌ల అబౌట్ కోలన్ ప్రొఫైల్స్ అని ఇంగ్లీష్‌ల స్పేస్ లేకుండ కొట్టు, రెండు ప్రొఫైల్స్ చెయ్, ఒకటి షాపు, ఒకటి సొంతం. సొంతందాంట్ల యూబ్లాక్ ఆరిజిన్ వేసుకొని, ట్రాకింగ్ ప్రొటెక్షన్ స్ట్రిక్ట్‌ల పెట్టుకో. యూబ్లాక్ అని వట్టి పేరుతోని ఇంకోటి ఉంటది, అది వేరేటోళ్లది, ఆరిజిన్ అనే మాట చూసే వెయ్. షాపుదాంట్ల స్టాండర్డ్‌లనే ఉంచు, అందుల గూడ ఒక సైట్ పెట్టిన కుకీ ఇంకో సైట్‌కు అందకుండ 2022 నుంచి వేరే వేరేగ దాస్తది, పేమెంట్లు గూడ సాధారణంగ ఆగవు. పాస్‌వర్డ్ సేవ్ చేయాల్నా అని అడుగుడు బంద్ పెట్టు, ఫారం హిస్టరీ బంద్ పెట్టు, లేకపోతె తర్వాత వచ్చినోడు ఒక్క అక్షరం కొట్టంగనే ముందటాయన ఫోన్ నంబర్ కింద జారుతది. మూసేటప్పుడు హిస్టరీ, కుకీస్ క్లియర్ అయ్యేటట్టు పెట్టు. డౌన్‌లోడ్ ప్రతిసారి ఎక్కడ సేవ్ చేయాల్నో అడిగేటట్టు పెట్టు.

ఇక్కడ అందరు మర్చిపోయేది, మూసేటప్పుడు క్లియర్ అంటే నిజంగ మూయాలె కదా, షాపుల పొద్దుగాల తెరిచిన బ్రౌజర్ రాత్రి షటర్ దించేదాక మూయరు. దానికొక మంచి బటన్ ఉంది, చానమందికి తెల్వదు. టూల్‌బార్ మీద రైట్ క్లిక్ కొట్టి కస్టమైజ్ అను, అందుల ఫర్గెట్ అని ఉంటది, దాన్ని ఈడ్చి పైన పెట్టు. నొక్కితే ఐదు నిమిషాలదా, రెండు గంటలదా, 24 గంటలదా అని అడుగుతది, ఎంచుకుంటె అంతసేపటి హిస్టరీ, కుకీస్ తుడిచి, ట్యాబ్‌లు మొత్తం మూసి కొత్త విండో ఇస్తది. కస్టమర్ లేవంగనే అది ఒకటి నొక్కమని పిల్లగానికి నేర్పు. సగం నింపిన ఫారం ఇంకో ట్యాబ్‌ల ఉంటె అది గూడ పోతది, ముందే చెప్పు, లేకపోతె నన్ను తిడుతడు.

డౌన్‌లోడ్స్ సంగతి విండోస్‌లనే ఉంది, సెట్టింగ్స్‌ల స్టోరేజ్ సెన్స్ ఆన్ చేసి, డౌన్‌లోడ్స్‌ల ఒక్క రోజు తెరవని ఫైళ్లు తీసేయమని పెట్టు. మీ సొంత బిల్లులు అందుల ఉంటె ముందే వేరే ఫోల్డర్‌కు మార్చు. ఆధార్ దించేటప్పుడు మాస్క్‌డ్ అనే ఆప్షన్ ఉంటది, ఆఖరి నాలుగు అంకెలే కనపడుతయి, పూర్తి నంబర్ అవసరం లేని కాడ అదే ఇయ్యి. వాట్సాప్‌ల ఫైళ్లు తెప్పిచ్చుకునేటప్పుడు కస్టమర్ ఫోన్‌ను మీ సిస్టమ్‌కు లింక్ చెయ్యకు, మీ షాపు నంబర్‌కే పంపమను, పని అయినంక చాట్ తుడువు.

మీ షాపుల డీటీపీ గూడ చేస్తరా? అను ఫాంట్‌లు, పెండ్లి కార్డుల ఫాంట్‌లు వందల కొద్ది వేసిన సిస్టమ్‌ను సైట్లు ఆ ఫాంట్‌లను బట్టే గుర్తుపట్టొచ్చు, ఏ ఫాంట్‌తోని అక్షరం ఎంత వెడల్పు వస్తుందో కొలిచి ఏవేవి ఉన్నయో తెలుసుకుంటయి, కుకీ తుడిచినా ఆ గుర్తు పోదు. షాపు మెషీన్‌కు దాని గురించి పరేషాన్ కాకు, అది ఎట్లాగు పదిమంది వాడేది. నీ సొంత మెషీన్‌ల మాత్రం పనికిరాని ఫాంట్‌లు వేయకు, తెలుగు చదవనీకి విండోస్‌తోని వచ్చే నిర్మల సరిపోతది.

ఇగ మిన్ నీకు నచ్చింది కాబట్టి నీ సొంతానికి పెట్టుకో, మిన్‌బ్రౌజర్ డాట్ ఆర్గ్ నుంచే దించు, డౌన్‌లోడ్ సైట్లకెల్లి వద్దు. చదువుకునేది, వార్తలు, వికీపీడియా, నోట్స్ పీడీఎఫ్‌లు అన్నీ అందుల హాయిగ నడుస్తయి, డీఆర్ఎమ్, అంటే కాపీ చేయకుండ వేసే తాళం, ఉండే ఓటీటీ సినిమాలు మాత్రం రావు. బ్యాంక్ పని ఫైర్‌ఫాక్స్‌ల చేసుకో.

విండోస్ 10కు ఫ్రీ అప్‌డేట్లు 14 అక్టోబర్ 2025తోని ఆగినయి, ఈఎస్‌యూ అనే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల స్కీమ్‌ల చేరితె ఆ తారీఖు నుంచి ఇంకో ఏడాది వస్తయి, నీ ల్యాప్‌టాప్ 11కు ఎక్కేటట్టు లేకపోతె ఫస్ట్ అందుల చేర్పిచ్చు. లినక్స్ మింట్ వేయొచ్చా అని గూడ అడిగినవ్, అందుల ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక డెస్క్‌టాప్ వెర్షన్ 4 జీబీల మంచిగనే నడుస్తది, కాని నీ ప్రింటర్ ఏ మోడల్, స్కానర్ వేరేనా కలిసే ఉందా, వేలిముద్ర డివైస్ ఏ కంపెనీది, ఈ మూడు కింద రాయి, డ్రైవర్లు ఉన్నయా లేవా చూసి చెప్తా. అప్పటిదాక విండోస్ తీయకు.